‘ఏటి మేటి పోరు’: గెలుపుకు కాదు, దెబ్బలకు దక్కే గౌరవం

1990 మార్చి 17న లాస్ వేగాస్‌లో మెల్డ్రిక్ టేలర్ గెలుపునకు రెండు సెకన్ల దూరంలో నిలిచాడు. అప్పటి వరకు ఓటమి ఎరుగని జూలియో సీజర్ చావెజ్‌పై ముగ్గురు న్యాయనిర్ణేతలలో ఇద్దరి లెక్క ప్రకారం ఆధిక్యం అతనిదే. పన్నెండవ రౌండు చివరిలో చావెజ్ దెబ్బకు కూలి, లేచి నిలబడ్డాడు. రిఫరీ రిచర్డ్ స్టీల్ అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పలేకపోయాడు. గడియారంలో రెండు సెకన్లు ఉండగా స్టీల్ పోరును ఆపివేశారు. ఆ నిర్ణయంపై వాదోపవాదాలు నేటికీ చల్లారలేదు. అమెరికాకు చెందిన ‘ది రింగ్’ పత్రిక మాత్రం తడుముకోకుండా ఆ ఏడాది ఉత్తమ పోరుగా దానినే ఎంపిక చేసింది. టేలర్ ఆ తర్వాత మునుపటి బాక్సర్‌గా మళ్లీ కనిపించలేదు.

ఈ రెండు వాస్తవాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఆ పురస్కారం స్వభావం అర్థమవుతుంది. 1922లో నాట్ ఫ్లీషర్ స్థాపించిన ఈ పత్రిక 1945 నుంచి ఏటా ఒక పోరును ‘ఫైట్ ఆఫ్ ది ఇయర్’గా ప్రకటిస్తోంది. బాక్సింగ్ రచయితల సంఘం వంటి ఇతర సంస్థలు కూడా ఇటువంటి గౌరవం ఇస్తున్నప్పటికీ, అభిమానులు ముందుగా చూసేది ‘ది రింగ్’ జాబితానే. ఎంపికకు పాయింట్ల పట్టిక ఏదీ లేదు. బెల్టు ఉండాలన్న నియమమూ లేదు. ఇద్దరూ ఢీ అంటే ఢీ అనాలి, ఆధిక్యం చేతులు మారాలి, కూలినవాడు లేవాలి.

అందుకే ఆటలో అత్యంత నేర్పరికి ఈ జాబితాలో చోటు లేదు. యాభై పోరాటాలలో యాభై గెలిచిన ఫ్లాయిడ్ మేవెదర్ పోరు ఒక్కటీ ఇందులో కనిపించదు. దెబ్బ తినకపోవడమే అతని విద్య మరి. 2015లో పాకియావ్‌తో అతని పోరు కాసుల వర్షం కురిపించింది. ఆ ఏడాది గౌరవం మాత్రం మరో ప్రధాన పోరుకు ముందు అదే వేదికపై జరిగిన ఫ్రాన్సిస్కో వర్గస్, తకాషి మియురా పోరుకు దక్కింది. దీనికి భిన్నంగా ఆర్టురో గట్టి పేరు నాలుగు సార్లు జాబితాలోకి ఎక్కింది. 1998లో ఐవన్ రాబిన్సన్ చేతిలో, 2002లో మిక్కీ వార్డ్ చేతిలో అతను ఓడిపోయాడు. ఓడినవాడికి కూడా సమాన వాటా ఇచ్చే గౌరవం క్రీడారంగంలో అరుదు. ఈ పురస్కారంలోని గొప్పతనం అదే. చిక్కు కూడా అక్కడే ఉంది.

1982ను తీసుకుందాం. ఆ ఏడాది నవంబరు 13న రే మాన్సినీతో పోరాడిన దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డ్యూక్ కూ, మెదడుకు తగిలిన గాయంతో కొద్ది రోజులకే మరణించాడు. ప్రపంచ బాక్సింగ్ మండలి టైటిల్ పోరాటాలను పదిహేను రౌండ్ల నుంచి పన్నెండుకు తగ్గించడానికి కారణమైన మరణం అది. నెల తిరగకుండానే డిసెంబరు 11న శాక్రమెంటోలో బాబీ చాకన్, రఫాయెల్ లిమోన్ పదిహేను రౌండ్ల పాటు తలపడ్డారు. రెండు సార్లు కూలిన చాకన్, చివరి క్షణాల్లో లిమోన్‌ను పడగొట్టి గెలిచాడు. ఆ ఏటి ఉత్తమ పోరు అదే. బాక్సింగ్ మానుకోవాలని వేడుకున్న చాకన్ భార్య అదే సంవత్సరం ఆరంభంలో ప్రాణాలు తీసుకుంది. మరుసటి ఏడాది కార్నేలియస్ బోజా ఎడ్వర్డ్స్‌తో పోరు అతనికి వరుసగా రెండవసారి ఈ గౌరవం తెచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాలను అతను పిడిగుద్దుల వల్ల వచ్చిన మతిమరుపు వ్యాధితో గడిపి 2016లో కన్నుమూశాడు.

పత్రిక ఎవరినీ బరిలోకి నెట్టలేదన్నది నిజమే. అయినా 2013 విజేత పోరు తర్వాత కొన్ని వారాల పాటు తన మాట తడబడిందని టిమోతీ బ్రాడ్లీ స్వయంగా వెల్లడించినప్పుడు, మనం దేనిని ‘ఉత్తమం’ అంటున్నామన్న ప్రశ్న తప్పదు. మనిలాలో 1975 అక్టోబరులో అలీతో జరిగిన పోరులో ఫ్రేజియర్‌ను చివరి రౌండుకు పంపడానికి శిక్షకుడు ఎడ్డీ ఫచ్ నిరాకరించారు. ఆ ఏటి పురస్కారం ఆ పోరుకే వచ్చింది. ఈ వ్యాసకర్త దృష్టిలో ఆ రోజు అందరికన్నా ఎక్కువ గౌరవం దక్కవలసినది ఫచ్‌కే.

ఇప్పుడు ఇంకొక ప్రశ్న చేరింది. 2024లో ‘ది రింగ్’ సౌదీ అరేబియా వినోద సంస్థ అధిపతి టర్కీ అల్ అల్‌షేక్ చేతికి వచ్చింది. అంతకు ముందూ అది ఆస్కార్ డి లా హోయా ప్రమోషన్ సంస్థ అధీనంలోనే ఉండేది కనుక, తీర్పరి, నిర్వాహకుడు ఒకే గూటి పక్షులు కావడం కొత్త కాదు. కానీ పరిమాణం మారింది. పత్రిక తన పేరుతోనే పోరాటాలు నిర్వహిస్తోంది. 2025 మేలో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో బరి గీసి నిర్వహించిన కార్యక్రమం అందులో ఒకటి. వెలుగులకు కొదవ లేదు. బాక్సర్లు విసిరిన గుద్దులు మాత్రం అభిమానులు నిట్టూర్చేంత తక్కువ. ధనంతో వేదికను కొనవచ్చు గానీ చావెజ్, టేలర్‌లను కొనలేమని అది రుజువు చేసింది. అయితే సొంత కార్యక్రమంలోని పోరుకే పురస్కారం ప్రకటించే రోజున పాఠకుడు ఏ ప్రమాణంతో నమ్మాలి? ఎంపిక చేసినవారి పేర్లు, వారి ఓట్లు బహిర్గతం చేయడం కనీస షరతు కావాలి.

మన దేశంలో బాక్సింగ్ అంటే పతకాల ఆట. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ను రెండు సార్లు ప్రపంచ చాంపియన్‌ను చేసినది మూడు రౌండ్ల అమెచ్యూర్ పోరు. అక్కడ దెబ్బ తప్పించుకోవడం కూడా ప్రతిభే. 2008 బీజింగ్ ఒలింపిక్స్ కాంస్య విజేత విజేందర్ సింగ్ 2015లో ప్రొఫెషనల్ బరిలోకి దిగినా, ఆ బాట పట్టిన భారతీయులు ఇప్పటికీ కొద్దిమందే. ఆ సంఖ్య పెరిగితే, వారి ఒప్పందాలలో పారితోషికంతో పాటు మెదడు పరీక్షలు, పోరాటాల మధ్య తప్పనిసరి విశ్రాంతి, రిటైరైన తర్వాత వైద్య వ్యయం కూడా స్పష్టంగా రాసి ఉండాలి. టేలర్, చాకన్‌ల పోరాటాల వీడియోలు అంతర్జాలంలో ఎవరైనా చూడవచ్చు. ఆ తర్వాత టేలర్ ఇచ్చిన ఇంటర్వ్యూలలోని ముద్దమాట కూడా అక్కడే వినిపిస్తుంది.