గాలిలో విద్యుత్తు, నేలపై వాస్తవాలు

డ్రోన్ ఎంత అధునాతనమైనదైనా బ్యాటరీ అయిపోగానే నేలకు దిగక తప్పదు. పొలాలపై మందు చల్లే డ్రోన్లు నిండు ట్యాంకుతో ఎగరగలిగేది కొద్ది నిమిషాలే. ఈ పరిమితిని అధిగమించేందుకు తీగలు లేకుండా నేల నుంచే విద్యుత్తును పంపే ప్రయోగాలు అమెరికాలో ఊపందుకున్నాయి. వాటిని స్వాగతించవలసిందే. అయితే మన అవసరాలలో ఏది ముందో, ఏది వెనుకో మరవరాదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1964లోనే అమెరికా ఇంజనీరు విలియం బ్రౌన్ మైక్రోవేవ్ కిరణాల శక్తితో ఒక చిన్న హెలికాప్టర్ నమూనాను సుమారు 18 మీటర్ల ఎత్తున పది గంటలపాటు నిలిపారు. 1987లో కెనడా శాస్త్రజ్ఞులు ఇదే పద్ధతిలో మానవరహిత విమానాన్ని ఎగురవేశారు. 2025లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా లేజర్ కిరణం ద్వారా 8.6 కిలోమీటర్ల దూరానికి 800 వాట్లకు పైగా విద్యుత్తును 30 సెకన్లపాటు చేరవేసింది.

సాధించినది ఘనమే గాని, చెల్లించిన మూల్యమూ తక్కువ కాదు. విద్యుత్తు కాంతిగా, ఆ కాంతి తిరిగి విద్యుత్తుగా మారే ప్రతి దశలోనూ నష్టం అనివార్యం. డార్పా ప్రయోగాలలో తక్కువ దూరాలకు సైతం లేజర్ కాంతిలో 20 శాతం పైచిలుకు మాత్రమే విద్యుత్తుగా అందింది. పొగమంచు, ధూళి, మేఘాలు అడ్డుపడితే అదీ దక్కదు. గురి తప్పిన కిరణం మనుషుల కంటిచూపునే హరించగలదు. పైగా మందు చల్లే డ్రోనుకు కావలసింది వందల వాట్లు కాదు, కొన్ని కిలోవాట్లు.

2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'నమో డ్రోన్ దీదీ' పథకం 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు అందించేందుకు 1,261 కోట్ల రూపాయలు కేటాయించింది. డ్రోనుతోపాటు నాలుగు అదనపు బ్యాటరీ సెట్లు ఇస్తే రోజుకు 20 ఎకరాల వరకు పిచికారీ చేయవచ్చునని మార్గదర్శకాలు పేర్కొన్నాయి. అంటే ఆ మహిళల దినసరి ఆదాయం బ్యాటరీలపైన, వాటిని చార్జి చేసే గ్రామ విద్యుత్తుపైన ఆధారపడి ఉన్నది. 2022లో డ్రోన్ల దిగుమతిని నిషేధించిన ప్రభుత్వం విడిభాగాలకు మినహాయింపు ఇచ్చింది. కనుక మన్నికైన బ్యాటరీ సెల్సును స్వదేశంలో తయారుచేయడం, పొలాల చెంత చార్జింగ్ వసతి కల్పించడం తక్షణ కర్తవ్యాలు.

సరిహద్దు నిఘా, వరద సహాయం వంటి అవసరాలలో వ్యయం కన్నా నిరంతరాయత ముఖ్యం. ఒకేచోట నిలిచి పనిచేయడానికైతే నేలతో తీగ కలిపిన డ్రోన్లు ఇప్పటికే ఉన్నాయి. తీగ చేరలేని దూరాలకు కిరణశక్తి ఉపకరించవచ్చు. ఆ దిశగా మన పరిశోధనశాలలు కృషి చేయవలసిందే. కాని ఆకాశానికి కిరణం పంపే రోజు వచ్చేలోగా, పొలం గట్టున బ్యాటరీ మార్చుకుంటున్న మహిళకు నికరమైన విద్యుత్తు అందాలి.