ఈ వయసులో నీకెందుకు అనే నోళ్లకు

మొన్న మార్కాపురంలో ఓ పెళ్లి భోజనాల దగ్గర మా బావ మీద తీర్పు చెప్పేశారు. ఆయనకు యాభై మూడేళ్లు. తొంభైల్లో ఉద్యోగానికి కాలిఫోర్నియా వెళ్లి స్కేట్‌బోర్డు నేర్చుకున్నాడు, పిల్లలు పుట్టాక మానేశాడు. ఇప్పుడు గిద్దలూరులో స్థిరపడి, తెల్లవారుజామున ఊరి బయట సిమెంటు రోడ్డు మీద మళ్లీ మొదలుపెట్టాడు. "మనవణ్ణి ఎత్తుకోవాల్సిన వయసులో చక్రాలెక్కడమేంది? నలుగురూ నవ్వుతారనైనా లేదా?" అన్నాడో పెద్దమనిషి. బంతి మొత్తం తలూపింది. నా కోపమంతా ఆ తలూపడం మీదే.

నలుగురూ నవ్వుతారట! మన పడమటి పల్లెల్లో తిరునాళ్లకు బండలాగుడు పోటీలు పెడతారు. అరవై దాటిన రైతు చర్నాకోల పట్టుకుని, ఒంగోలు గిత్తల పక్కన గొంతు చించుకుంటూ పరిగెత్తుతాడు. కాలు జారితే గిట్టల కిందే. ఆయనకు ఈలలేస్తారు, శాలువా కప్పుతారు. శివరాత్రికి దోర్నాల మీదుగా నల్లమల ఘాటెక్కి శ్రీశైలం నడిచిపోయే ముసలమ్మకు దణ్ణం పెట్టి మజ్జిగ పోస్తారు. ఆమెకూ మోకాళ్లున్నాయని అప్పుడెవరికీ గుర్తు రాదు. అంటే వీళ్ల బెంగ ఎముకల గురించి కానే కాదు. దేవుడి పేరో, ఎద్దుల పేరో చెప్పుకోకుండా, కేవలం తన సంతోషం కోసం వయసు మళ్లిన మనిషి ఒళ్లు కదిలిస్తే ఓర్వలేరు. నాకు మండేది అక్కడే.

బావ మగవాడు కాబట్టి నవ్వుతో పోయింది. ఆయన భార్య, మా అక్క, బడి రోజుల్లో ఖోఖో జిల్లా పోటీల దాకా ఆడింది. పెళ్లయ్యాక ఆమె ఆట గురించి ఎవరూ అడగలేదు. ఇవాళ ఆమె ఆ బోర్డెక్కితే పడే మాటలు ఇక్కడ రాయలేను.

ఇక మోకాళ్లు అరిగిపోతాయనే వాదన. ఈ ప్రాంతంలో మోకాళ్లు పాడుచేసింది ఆటలా? ఫ్లోరైడు కాదూ? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్న హద్దు దాటిన బోర్లు మన పల్లెల్లో ఎన్నో. ఆ నీళ్లే తాగి కీళ్లు బిగుసుకుపోయి, నడివయసులోనే నడుం వంగినవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు. ఈ పల్లెలకు మంచినీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. ఆ ఏడు పుట్టిన పిల్లలు ఇప్పుడు పిల్లల్ని కన్నారు. దాని మీద ఆ బంతిలో ఒక్క నోరూ లేవలేదు. ఒక మనిషి కాళ్ల కింది చక్రాల మీద మాత్రం పాయసం వచ్చేదాకా చర్చ.

పడితే? పడతాడు. హెల్మెట్టు, మోకాళ్లకూ మోచేతులకూ ప్యాడ్లు, మణికట్టుకు గార్డులు పెట్టుకుని పడతాడు. ఇంట్లో తడి గచ్చు మీద జారి తుంటి విరగ్గొట్టుకునే పెద్దలకు ఆ రక్షణ కూడా లేదు. 65 దాటినవాళ్లు వారానికి కనీసం మూడు రోజులు ఒంటి నిలకడనూ బలాన్నీ పెంచే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనం చెప్పేది మాత్రం "కూర్చో".

టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ తొలిసారి ప్రవేశించినప్పుడు దక్షిణాఫ్రికా తరఫున డాలస్ ఓబర్‌హోల్జర్ 46 ఏళ్ల వయసులో ఆడాడు. 2024 పారిస్‌లో బ్రిటన్ తరఫున దిగిన ఆండీ మెక్‌డొనాల్డ్‌కు 51. పతకాలు రాలేదు. రాకపోతేనేం?

విదేశీ పిచ్చి అని కూడా అన్నారు. లారీ షెడ్ల దగ్గర పాత బేరింగులు అడిగి తెచ్చుకుని, చెక్కకు మూడు బిగించి, వాలున్న వీధుల్లో గరగరమంటూ జారింది ఎవరు? ఆ బంతిలో కూర్చున్న మగాళ్లలో సగం మంది బేరింగు బండి తోలినవాళ్లే. అది మరిచిపోయి పెద్దరికం చెబుతున్నారు.

నేనడిగేది పెద్దదేమీ కాదు. బోర్డు చక్రం చిన్నది. బఠాణీ గింజంత కంకర అడ్డుపడినా బోర్డు ఆగిపోతుంది, మనిషి ముందుకు పోయి పడతాడు. అందుకే రోడ్డు పనికిరాదు, నున్నటి గచ్చు కావాలి. మార్కాపురంలో ఒకటి, గిద్దలూరులో ఒకటి మునిసిపాలిటీ వాళ్లు వేయాలి. పొద్దున కొంతసేపు నలభై దాటినవాళ్లకు, కొంతసేపు ఆడవాళ్లకు వదలాలి. డబ్బెక్కడిది, ఎవరు చూసుకుంటారు అంటే కూర్చుని మాట్లాడుకుందాం. కంభం, బేస్తవారిపేటల సంగతి ఆ తర్వాత చూడొచ్చు. ముందు స్థలం చూపించండి.