సంపాదకుని మాట: నోటికొచ్చిన మాట, చేతికొచ్చిన మాట



అమెరికా చదువులకు అప్లికేషన్లు పెట్టే కాలం దగ్గరపడింది. అందుకే ఈ సంచికను ఇంగ్లిషు పదాలతో కుస్తీ పట్టేవాళ్లకు కేటాయించాం. అమీర్‌పేట హాస్టల్ గదుల్లో మంచం పక్క గోడకు అంటించిన చీటీలు మీరూ చూసే ఉంటారు. పైన ‘అసిడ్యుయస్’, కింద ‘పట్టు వదలకుండా శ్రమించే’ అని పెన్సిల్‌తో రాసిన తెలుగు. అర్థం అడిగితే ఠక్కున చెబుతారు. ఆ మాటతో ఒక వాక్యం రాయమంటే మాత్రం బిక్కమొహం వేస్తారు.

ఆ చదువుల కోసం రాసే జీఆర్ఈ పరీక్షలో వ్యతిరేక పదాల ప్రశ్నలు 2011 ఆగస్టులోనే పోయాయి. ఇప్పుడు సందర్భం చూసి ఖాళీ పూరించాలి, చదివింది అర్థం చేసుకోవాలి. అయినా మన బట్టీ అలాగే ఉంది. కోచింగ్ సెంటర్ల జాబితాలూ అలాగే ఉన్నాయి లెండి! బట్టీ పట్టినదాన్ని మరవడం మొదటి గంటల్లోనే జోరుగా ఉంటుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపాడు. అర్థంలేని అక్షరాల గుంపులను తానే వల్లెవేసి, కొంత ఎడం తర్వాత ఎంత మిగిలిందో లెక్కగట్టాడు. ఒక్క బిగిన రుబ్బడం కంటే రోజుల తరబడి కొంచెం కొంచెంగా తిరగేయడం మేలని కూడా ఆయన ప్రయోగాల్లోనే తేలింది.

ఈ సంచికలోని వ్యాసాలన్నీ ఇక్కడ ఏకరువు పెట్టం. రాసినవాళ్లంతా వాడుక వైపే మొగ్గారు, మేమూ అటే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు వెనకబడ్డామని కుంగిపోవద్దని కూడా మా మాట. ఈ నెల మీరు నేర్చిన ఒక్క పదాన్ని సొంత వాక్యంలో పెట్టి మాకు రాసి పంపండి.