బాట బండిని శాసింపవచ్చునా?

నేడు మన దేశమున పెక్కుమందికి ఇంటర్నెట్టు అనగా చేతిలోని మొబైల్ ఫోనే. రెండును ఒకే పలకపై కనబడుటచే రెండును ఒకటియే యని తలంచుట సహజము. కాని యివి రెండు భిన్న సంకల్పములతో పుట్టిన నిర్మాణములు. ఒకదానియందు తెలివి కొసలయందుండును. రెండవదానియందు నడుమ నుండును. ఇది ఇంజనీర్ల వివాదము మాత్రమే కాదు. ఎవరు ఎవరి యనుమతి కోరవలెనను ప్రశ్న యిందులో నిమిడియున్నది.

1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను నిరువురు అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన వ్యాసము ఇంటర్నెట్టునకు పునాది. 1983 జనవరి 1వ తేదీన ఆర్పానెట్టు ఆ పద్ధతికి మారినది. ఇందులో సమాచారము చిన్నచిన్న పొట్లములుగా విడిపోవును. నడుమనున్న యంత్రము పొట్లముపై విలాసము చూచి ముందునకు నెట్టును. పొట్లము దారిలో పోయినచో దానిని తిరిగి తెప్పించుకొను బాధ్యత కొసలయందలి కంప్యూటర్లది. లోపలనున్నది ఉత్తరమో, పాటయో, బొమ్మయో నడిమి యంత్రము తెలిసికొన నక్కర లేదు. ఈ తెలియకపోవుటయే దాని గొప్ప గుణము. 1989లో జెనీవా చెంతనున్న సెర్న్ సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ వరల్డ్ వైడ్ వెబ్బును ప్రతిపాదించినపుడు, దానిని నడుపుటకు ఏ తంతి కంపెనీ గడపయు తొక్కవలసిన పని లేకపోయెను. 1993లో సెర్న్ దానిని సర్వజనులకు ఉచితముగా విడిచిపెట్టినది.

మొబైల్ ఫోను కథ వేరు. ఏ చందాదారుడు ఏ టవరు నీడనున్నాడో, ఎంత బాకీ పడినాడో నడిమి కేంద్రమునకు తెలియవలెను. మనిషి రైలులో పోవుచుండగా ఒక టవరు ఆతనిని మరియొక టవరునకు మాట తెగకుండ నప్పగించును. ఈ నేర్పును మేము తక్కువ చేయము. ఆకాశ తరంగములు పరిమితములు. వానిని పంచుటకు నడుమ నొక యజమాని కావలసినదే. అయితే లెక్క వ్రాయువాడే ధర కట్టువాడును, ద్వారము మూయువాడును అగుట యీ యేర్పాటులోని ప్రమాదము.

దృష్టాంతము మన భాషయందే కలదు. ఫోను సందేశమున నింగ్లీషు అక్షరములు 160 పట్టును. అదే తెలుగున వ్రాసినచో 70 గుర్తులే. గుణింతపు గుర్తులును, ఒత్తులును లెక్కకు వచ్చును. మాతృభాషలో కుశల మడిగినవానికి ఒక సందేశము రెండై, మూడై కూర్చుండెను. పండుగ దినములలో రాయితీలు చెల్లవని యనేక సంవత్సరములు వసూలు చేసిన సంగతియు పాఠకులు మరువరు. ఇక ఇంటర్నెట్టున నేమి జరిగినది? 1991లో తెలుగు లిపికి యూనికోడునందు స్థానము దొరికినది. కొసలయందలి కంప్యూటర్లు ఆ లిపిని నేర్చుకొన్నవి. నడుమనున్న యే యంత్రమును మార్చవలసిన యవసరము కలుగలేదు.

ఇపుడు 4జి వచ్చిన పిదప మొబైల్ వ్యవస్థయే మాటను సైతము పొట్లములుగా కట్టి పంపుచున్నది. పద్ధతి ఇంటర్నెట్టుదైనది, కాని మనస్సు పాత ఎక్స్ఛేంజిదిగానే యున్నది. ఎంచిన కొన్ని స్థలములు ఉచితము, తక్కినవి సొమ్మునకు అను ఏర్పాటును ఫేస్‌బుక్ కంపెనీ ఫ్రీ బేసిక్స్ అను పేర, బీదల యుపకారమని చెప్పి తెచ్చినది. 2015లో పది లక్షలకు పైగా జనులు టెలికాం నియంత్రణ సంస్థకు లేఖలు పంపిరి. 2016 ఫిబ్రవరి 8వ తేదీన ఆ సంస్థ యిట్టి భేదపు ధరలను నిషేధించినది. 2018లో ప్రభుత్వము తటస్థతను లైసెన్సు నిబంధనలలో చేర్చినది.

అయినను కోరిక చావలేదు. టవర్లకు మేము ఖర్చుపెట్టుచుండగా విదేశీయ మహాసంస్థలు మా బాటపై లాభము గడించుచున్నవి, కావున వారును మాకు భాగ మియ్యవలెనని 2023లో కంపెనీల పక్షమున గట్టిగా వాదింపబడినది. దేశాభిమానమువలె ధ్వనించు నీ మాటకు మేము మోసపోము. చందాదారుడు డేటాకు ముందే సొమ్ము చెల్లించినాడు. ఆతడు కోరినందుననే యా పొట్లము వచ్చినది. ఒకే బండికి రెండు తావుల సుంకమేల? ఆ సుంకము మహాసంస్థకు భారము కాదు. బెజవాడలోనో, వరంగల్లులోనో నలుగురు యువకులు పెట్టుకొన్న చిన్న ప్రయత్నమునకు మాత్ర మది ఉరి. స్వదేశీయని చెప్పి విదేశీయ సంస్థల ప్రాబల్యమునే స్థిరపరచుట యిది.

కొసలయందును కొన్ని సంస్థలు కొండలై కూర్చున్నవనుట సత్యము. దానికి మందు, పోటీని కాపాడు చట్టము. బాటకాపరి చేతికి తాళపుచెవి యిచ్చుట కాదు.

కావున మా కోరిక స్పష్టము. తరంగములకు తగిన ధర యుండనిండు. డేటాకు న్యాయమైన వెల యుండనిండు. కాని బాట బండిని మోయవలెనే గాని సరకును బట్టి బేరమాడరాదు. 2016 నాటి నిషేధమును సడలింపు మాటలతో కొరికివేయ యత్నించిన ప్రతి పర్యాయమును, ఆనాడు లేఖలు వ్రాసిన చేతులు మరల కలము పట్టవలెను.