గేటుకు తాళం, పిల్లల చేతికి ఫోను

మట్టెవాడలోని మా మందిరం ప్రహరీగోడ మీద "ఆవరణలో ఆటలు ఆడరాదు" అన్న రాత పదేళ్లకు పైగా ఉంది. రాయించింది నేనే. బంతి తగిలి కిటికీ అద్దం పగిలితే సంఘపెద్దలు కోప్పడ్డారు, నేను పెయింటరును పిలిపించాను. మొన్నటి వేసవిలో వీబీఎస్ ముగింపు రోజున పిల్లలకు పరుగుపందెం పెట్టాం. తొమ్మిదో తరగతి పూర్తిచేసిన ఒక అబ్బాయి రెండు చుట్లు తిరిగేసరికి కూలబడిపోయాడు. నీళ్లు తాగించి, ఒంట్లో బాగాలేదా అని అడిగాను. "బాగానే ఉంది అయ్యగారూ, ఎప్పుడూ ఉరకలేదు, అంతే" అన్నాడు. ఆ జవాబు విన్నాక గోడ మీది రాత నాకు వేరుగా కనబడింది.

ఇది ఒక్క పిల్లవాడి సంగతి కాదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆడాలి, నడవాలి, పరుగెత్తాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థ పరిశోధకులు 146 దేశాల లెక్కలు పరిశీలించి 2019 నవంబరులో ఫలితాలు ప్రచురించారు. 11–17 ఏళ్ల వారిలో నూటికి 81 మందికి ఆ గంట కూడా దక్కడం లేదు. మన దేశంలో అబ్బాయిల్లో 72 శాతం, అమ్మాయిల్లో 76 శాతం అదే స్థితిలో ఉన్నారు.

ప్రపంచ సగటు కంటే మనం కొంత మేలే కదా అనుకుంటాం. ఆ మేలుకు కారణం ఏమై ఉండవచ్చో ఆ సంస్థే చెప్పింది: అబ్బాయిలకు క్రికెట్, అమ్మాయిలకు ఇంటిపని. అంటే మన ఆడపిల్ల కదులుతున్నది బిందె మోయడానికి, చీపురు పట్టడానికి. దాన్ని ఆట అనగలమా? పైగా అవి 2016 నాటి లెక్కలు. చవక డేటాతో జియో వచ్చింది ఆ ఏడాది సెప్టెంబరులోనే. తర్వాత కరోనా కాలపు ఆన్‌లైన్ తరగతులు, ఫోను లేని పిల్లల చేతిలో కూడా ఫోను పెట్టాయి.

అయితే తప్పంతా ఫోనుదే అనడం తేలిక. పిల్లలు కదలాలా వద్దా అన్నది చాలావరకు పెద్దలు కట్టిన లోకమే తేలుస్తుంది. మొదటిది చోటు. మా పాత వరంగల్ సందుల్లో బండ్లు ఆపగా మిగిలిన జాగాలో ఆటోలు తిరుగుతాయి. కుక్కల భయం సరేసరి. 2023 మే నెలలో కాజీపేటలో ఒక వలస కుటుంబపు చిన్నారి వీధికుక్కల దాడిలో ప్రాణం కోల్పోయాడు. ఆ వార్త విన్న తల్లి బిడ్డను లోపల కూర్చోబెట్టి ఫోను ఇస్తే ఆమెను సోమరి అనలేం. ఆమెకున్న రెండు దారుల్లో భయం తక్కువున్న దారి పట్టింది.

రెండోది బడి. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని చెప్పింది. 100 మందికి మించి పిల్లలున్న బడుల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆరోగ్య, వ్యాయామ విద్యకు బోధకుడు ఉండాలని కూడా రాసింది. కానీ కింద దుకాణాలు, పైన తరగతి గదులు ఉన్న బడులు మన కళ్లముందే నడుస్తున్నాయి. ఆటల పీరియడ్ ఉన్నచోట పరీక్షలు రాగానే దాన్ని లెక్కల పీరియడ్ మింగేస్తుంది. అడ్మిషన్ వేళ మనం ర్యాంకులెన్నని అడుగుతాం గాని గ్రౌండ్ ఎక్కడని అడుగుతున్నామా?

మూడోది ఆడపిల్ల మీద పడే చూపు. పెద్దమనిషి అయ్యిందనగానే చాలా ఇళ్లలో ఆట ఆగిపోతుంది. మన జిల్లాలోని పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తిని తలచుకుందాం. మానసిక ఎదుగుదల లోపంతో పుట్టిన ఆ బిడ్డను చూసి ఊళ్లో కొందరు ఎగతాళి చేశారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగును గుర్తించాడు. ఆ తర్వాత కోచ్ నాగపురి రమేశ్ చేయి పట్టుకున్నారు. 2024 మేలో కోబెలో 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు, సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం ఆమెవి. ప్రతి బిడ్డా పతకం తేవాలని కాదు నా మాట. బిడ్డ కాళ్లలో ఏముందో చూసే పెద్ద మనిషి ఒకరు ఉండాలి.

మరి సంఘం సంగతి? శరీర సాధన వల్ల ప్రయోజనం కొద్దిదేనని పౌలు తిమోతికి రాసిన మాటను పట్టుకుని, వాలీబాల్‌కు వెళ్లే యవ్వనస్థులను నేనూ మందలించాను. పౌలు కొద్దిది అన్నాడే గాని వ్యర్థం అనలేదు. భక్తి అంతకంటే గొప్పదన్నాడు. దేహం దేవుని ఆలయమని చెప్పినదీ అదే పౌలు. ఆ వాలీబాల్ పుట్టిందే వైఎంసీఏలో, 1895లో. అంతకు ముందు 1891లో బాస్కెట్‌బాల్ పుట్టిందీ అక్కడే. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ స్థాపించిన వైఎంసీఏ కళాశాల మన దేశంలో వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసింది. మన పితరులు మైదానాలు తెరిచారు. మనం గేట్లకు తాళాలు వేశాం.

ఇరుకు పట్టణాల్లో మందిరాలకు ఆవరణలున్నాయి. వారంలో ఎక్కువ రోజులు ఖాళీగా ఉంటాయి. సాయంత్రం రెండు గంటలు గేటు తెరవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఇద్దరు పెద్దలు, వారిలో ఒకరు స్త్రీ, కాపలా ఉండాలి. ఆడపిల్లలకు వేరుగా సమయం కేటాయించాలి. మన సంఘపు పిల్లలనే కాదు, వాడలోని పిల్లలందరినీ రానివ్వాలి. తల్లిదండ్రులు బడికి వెళ్లి ఆటల పీరియడ్ గురించి గట్టిగా అడగాలి. ఆదివారం సాయంత్రం పిల్లలతో కలిసి భద్రకాళి చెరువు కట్ట మీద నడిస్తే, పిల్లలకు ఆ అలవాటు మన కాళ్ల నుంచే వస్తుంది.

కట్టబడబోయే యెరూషలేమును చూపిస్తూ జెకర్యా ప్రవక్త, వీధుల్లో కర్ర పట్టుకుని కూర్చున్న వృద్ధులతో పాటు ఆడుకునే బాలబాలికలను కూడా చూపించాడు. దేవుని దృష్టిలో క్షేమంగా ఉన్న పట్టణానికి అది గుర్తు. మా సంఘపెద్దలతో మాట్లాడాను. కిటికీలకు ఇనుప జాలీ బిగించడానికి ఒప్పుకున్నారు. గోడ మీది రాతను రాయించినవాణ్ణి నేనే కాబట్టి, దాన్ని చెరిపే సున్నం ఖర్చు నాది.