రక్తం బయటికి కనబడకపోయినా కడుపు లోపల చూడండి

ఏడో నెల దాటిన గర్భిణికి, లేదా కాన్పయి కొద్ది రోజులే అయిన బాలింతకు, ఉన్నట్టుండి ఎడమ డొక్క పైభాగంలో నొప్పి లేస్తుంది. ఎడమ భుజం కూడా లాగుతుంది. కళ్లు తిరిగి పడిపోతుంది. కింద రక్తస్రావం మాత్రం ఉండదు. ఇంట్లోవాళ్లు గ్యాస్ పట్టిందని వాము నీళ్లు తాగిస్తారు. ఆసుపత్రిలో మాయ విడిపోయిందనో, గర్భసంచి చిట్లిందనో, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడిందనో అనుమానిస్తారు. ఆ అనుమానాలన్నీ రావలసినవే. వాటితోపాటు ఇంకొకటి కూడా రావాలన్నదే మా విన్నపం.

కొందరిలో ప్లీహానికి రక్తం తీసుకెళ్లే ధమని ఒకచోట గోడ పలచబడి, పాత సైకిల్ ట్యూబులా ఉబ్బుతుంది. దీన్నే ఎన్యూరిజం అంటారు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల ఆ గోడ ఇంకా బలహీనపడుతుంది, ఒంట్లో రక్తమూ బాగా పెరుగుతుంది. ఎక్కువ కాన్పులైనవాళ్లకు, పోర్టల్ హైపర్‌టెన్షన్ (కాలేయానికి రక్తం తెచ్చే సిరలో అధిక ఒత్తిడి) ఉన్నవాళ్లకు ముప్పు మరింత. అది పగలడం చాలా అరుదు, నిజమే. కానీ పాత వైద్య నివేదికల్లో నమోదైన కేసులు చూస్తే, గర్భిణికి అది పగిలినప్పుడు నలుగురిలో ముగ్గురు తల్లులు బతకలేదు. నూటికి 90 మందికి పైగా బిడ్డలు దక్కలేదు. కాన్పు తర్వాత అండాశయ ధమని, మూత్రపిండ ధమని ఇలాగే పగిలిన కేసులూ ఉన్నాయి.

ఇక అందరూ గుర్తుపెట్టుకోవలసిన సంగతి. నలుగురైదుగురిలో ఒకరికి, మొదట కారిన రక్తం జీర్ణాశయం వెనకున్న చిన్న ఖాళీలో నిలిచి గడ్డకడుతుంది. కారడం ఆగుతుంది. బీపీ తేరుకుంటుంది, మనిషి లేచి కూర్చుంటుంది. కొన్ని గంటలకో, రెండు మూడు రోజులకో ఆ అడ్డు తెగి పొట్టంతా రక్తమవుతుంది. తల్లిని కాపాడుకోగలిగే సమయం ఆ మధ్యలోదే. సెలైన్ ఎక్కించాం, తేరుకుంది, తీసుకెళ్లండి అని పంపేస్తే అది కాస్తా చేజారుతుంది.

అందుకే, కారణం తెలియకుండా కుప్పకూలిన ప్రతి గర్భిణికీ, బాలింతకూ, బిడ్డను చూసే అల్ట్రాసౌండ్ ప్రోబునే డొక్కల మీద, ప్లీహం చుట్టూ కూడా పెట్టి చూడాలని ప్రతి కాన్పుల ఆసుపత్రీ నియమం పెట్టుకోవాలి. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు. లోపల రక్తం కనబడితే గైనకాలజిస్టుతోపాటు సర్జన్‌నూ అప్పుడే పిలవాలి, రక్తం సిద్ధం చేయాలి. బీపీ పడిపోతుంటే స్కాన్ల కోసం తిప్పకుండా నేరుగా ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లాలి. మనిషి నిలకడగా ఉంటే సీటీ తీయడానికి వెనుకాడొద్దు. బిడ్డకు రేడియేషన్ తగులుతుందన్న భయంతో తల్లినే పోగొట్టుకోకూడదు.

వేరే జబ్బుకు తీసిన స్కాన్‌లో పిల్లల్ని కనే వయసు స్త్రీకి ఈ ఉబ్బు బయటపడితే, చిన్నదే కదా అని వదిలేయకూడదు. సైజు ఎంతైనా చికిత్స చేయాలని అమెరికా రక్తనాళ శస్త్రవైద్యుల సంఘం 2020లో సూచించింది. చాలామందికి పొట్ట కోయకుండా, రక్తనాళం గుండా సన్నని తీగచుట్ట (కాయిల్) పంపి దాన్ని మూసేయవచ్చు.

2018–20 లెక్కల్లో లక్ష జననాలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఈ అంకెలు ఇంకా తగ్గాలంటే అరుదైన కారణాలనూ వెతకాలి. జిల్లా మాతృమరణ సమీక్షల్లో ‘హఠాన్మరణం’ అని రాసి ఫైలు మూసే పద్ధతి ఎక్కడున్నా పోవాలి. కారణం తేలని ప్రతి మరణంలోనూ కుటుంబానికి ఓపిగ్గా నచ్చజెప్పి, పోస్ట్‌మార్టం చేయించి, తేలిన కారణాన్ని జిల్లాలోని ప్రతి లేబర్ రూముకూ తెలియజేయాలి.