సందు తగవు

ఎర్రగుంట్ల మండలములోని కలమళ్ల శాసనమును గూర్చి విద్యార్థులు చదివియే యుందురు. తెలుగున దొరికిన తొలి శాసనముగా పండితులు దానిని లెక్కింతురు. క్రీ.శ. 6వ శతాబ్దిని రేనాటిచోళుడు ధనంజయుడు వేయించినది. ఆ కాలపు దానశాసనములలో, ఇచ్చిన నేల నపహరించువానికి మహాపాతకము చుట్టుకొనునని చెక్కుట వాడుక. అనగా పరుల నేలపై కన్నువేయువారు అప్పుడును గలరన్నమాట.

ఆ సీమలో హద్దు నిలుపుటకు రాతికి కొదువ లేదు. నాపబండను నిలువున పాతిన నదియే గోడ. పాతుట ఒక పూట పని. పెరికించుట పదేండ్ల వ్యాజ్యము. పొలముగట్ల తగవులకంటె ఊరిలోని సందుల తగవులు చిక్కైనవి. దీనికి కారణము జనుల దురాశ యొక్కటియే కాదు. పొలములకు మన్రో కలెక్టరుగా నున్న కాలము (1800–1807) మొదలుకొని దత్తమండలములలో గొలుసు లాగి కొలతలు వేసిరి. గ్రామకంఠమునకు మాత్రము చాలచోట్ల మొత్తముగా ఒకే సర్వే నంబరు వేసి విడిచిరి. ఇంటి దస్తావేజులలో “తూర్పున రస్తా, పడమట ఫలానావారి గోడ” అని చెక్కుబందీ యుండును గాని, ఆ రస్తా ఎన్ని అడుగులో ఉండదు. గోడ పడి లేచినప్పు డెల్ల హద్దు కొంచెము నడచును. ఎవరి తాత ఎటు నడచెనో కరణమునకు తెలిసియుండెడిది. ఆయన పక్షపాతము లేనివాడని చెప్పజాలము. కాని ఆ జ్ఞాపకమైన నుండెడిది. 1984లో ఆ పదవులు రద్దయినవి.

అడుగు వెడల్పున, అరువదియాఱడుగుల పొడవున ఉన్న నేల 66 చదరపు అడుగులు. సెంటు 435.6 చదరపు అడుగులు గనుక ఇది సెంటులో ఆఱవ వంతునకైనను చాలదు. దీనికై కోర్టు కెక్కుదురా యని పట్టణవాసి నవ్వును. నవ్వరాదు. ఆ యడుగుతోనే ట్రాక్టరు వాకిటికి వచ్చుటయో, వీథిలోనే నిలిచిపోవుటయో తేలును.

మనవారు తరచుగా పొరబడుచున్నది మఱియొక చోట. దారి నాదైనగాని నడువరాదని ఒకడు, నేల నాది గనుక నడువనీయనని మఱియొకడు వాదింతురు. 1882 నాటి ఈజిమెంటు చట్టము ఈ రెంటిని వేఱుచేసినది. నేల ఒకనిదై, నడక హక్కు మఱియొకనిదై యుండవచ్చును. అన్నదమ్ములు పంచుకొనగా వెనుకభాగమునకు వేఱు త్రోవ లేనిచో, అవసరమునుబట్టి ముందుభాగము గుండ దారి లభించును. వేఱు త్రోవ యేర్పడిననాడు ఆ హక్కు తీరిపోవును. ఇరువదియేండ్లు బాహాటముగా, ఆటంకము లేక, హక్కుగా నడచిన దారియు స్థిరపడును. అయితే నడకదారి హక్కులో బండిదారి హక్కు చేరదు. తాత చెంబు పట్టుకొని నడచిన సందులో మనుమడు కారు తోలుకొని పోవుదు ననుటకు చట్టము ఒప్పదు. నేటి తగవులలో పెక్కింటికి మూలమిదియే.

మంచివారు సయితము దారి యిచ్చుటకు జంకుచున్నారు. నేడు దయతలచి విడిచిన, రేపు హక్కని కూర్చుందురేమోయని వారి భయము. అనుమతితో నడచిన నడక యెన్నియేండ్లయినను హక్కు కాజాలదు. ఇది అనుమతియేనని ఒక కాగితము వ్రాయించుకొనిన నిచ్చినవాడు నిర్భయముగ నుండవచ్చును. పుచ్చుకొనువానికి శాశ్వతముగా కావలెనన్నచో మూల్యమిచ్చి రిజిష్టరు దస్తావేజు పొందవలెను. నోటిమాటతో పని జరుపుకొని, మనసులు విరిగిన పిమ్మట సాక్షులను వెదకుటకంటె ఇది మేలు.

మనుస్మృతి సీమావివాదములను జ్యేష్ఠమాసమున తీర్పుమనినది. హద్దుగుర్తులు అప్పుడు స్పష్టముగా కానవచ్చును గనుక. ఇసుక, బొగ్గు, పెంకులు నేలలో దాచి గుర్తులు పెట్టుమనియు చెప్పినది. ఇప్పుడు ఆ పని డ్రోనుకు వచ్చినది. 2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వ మారంభించిన స్వామిత్వ పథకము గ్రామకంఠములోని ఇండ్లను కొలిచి పత్రము లిచ్చుటకే. మంచిపనియే. కాని ఆకాశమునుండి గోడ కనబడును, నడక హక్కు కనబడదు. సందు వెడల్పెంతో, అందు ఏ బండి పోవచ్చునో పత్రములలో చేర్చుడని గ్రామసభలో అడుగవలసినవారు మనమే. గణితము చెప్పు ఉపాధ్యాయులు పిల్లలచేత తమ వీథిసందులను టేపుతో కొలిపించి పటము గీయించిన, ఆ యడుగుటకు ఆధారమొకటి సిద్ధమగును. అయితే ఆ పటముక్రింద ఇరుగుపొరుగు లిద్దరును చేవ్రాలు చేయవలసియుండును, కష్టమంతయు అక్కడనే.